రంగన్న చెవిగిన్నెలు, కళ్ళద్దాలు

పందొమ్మిది వందల అరవై మూడు ఆగస్టులో జమ్మలమడుగులో జరిగిన గురి పోటీలో మా రంగన్న మొదటి బహుమతి గెలిచాడు. బహుమతి ఒక ఇత్తడి చెంబు. జీవాలు కాసుకునే ఇంట్లో పుట్టి, రైఫిల్ పట్టి, ప్లీడర్లనూ పంతుళ్ళనూ దాటి ముందు నిలిచినవాడు మా చాపాడు చుట్టుపక్కల మరొకడు లేడు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఆ చెంబు ఊరికే రాలేదు. ప్రొద్దుటూరు రైఫిల్ క్లబ్బులో చేరిన కొత్తలో వాడి గుండ్లు గురి అట్టకు తగిలేవే కావు. ఒకనాడు తగిలింది గానీ, అది పక్కవాడి అట్ట.

"నీ గుండ్లన్నీ పెన్న ఇసుకలో ఇత్తనాలేస్తాండావు రంగన్నా. వానొస్తే మొలుస్తాయేమో" అని క్లబ్బు కార్యదర్శి జనార్దనం గారు అనేవారు. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. మంచివాడే గానీ, నాలుక కొంచెం పదును.

రంగన్న నా చెల్లెలి కొడుకు. నా కూతురు అంకమ్మను వాడికే ఇచ్చాను. మేనల్లుడు గనుక పొగుడుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, ఉన్నదే చెబుతున్నాను. మీసం రాకముందే, కుందూ ఏరు పొంగిన ఏడు, మందను ఒక్క పిల్ల కూడా కొట్టుకుపోకుండా దాటించాడు. కమలాపురం సంతలో వాడు పెంచిన పొట్టేలును చూడడానికి బస్సు దిగినవాళ్ళు మళ్ళీ బస్సెక్కడం మరిచిపోయారు. బడికి పోయింది మూడో తరగతి దాకానే అయినా, రైఫిల్ విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్ళీ బిగించడం జనార్దనం గారి కంటే ముందే నేర్చుకున్నాడు.

వాడు క్లబ్బులో చేరిన తీరు కూడా చెప్పాలి. చైనా యుద్ధం తర్వాత పట్నాలలో ఇలాంటి క్లబ్బులు పెట్టారు. ప్రొద్దుటూరులో ఆదివారం ఆదివారం ఉద్యోగస్తులు, దుకాణదారులు పెన్న ఒడ్డున మట్టికట్టకు అట్టలు నిలబెట్టి సరదాగా కాల్చేవారు. ఒక ఆదివారం మా మంద నీళ్ళకు దిగి, నేరుగా ఆ అట్టల ముందుకే పోయింది. జనార్దనం గారు ఈల ఊది, చేతులూపి, నానా హైరానా పడ్డారు. రంగన్న మందను తోలుకొని పోయేటప్పుడు, "స్వామీ, నేనొకపారి కాల్చి చూస్తా" అన్నాడు. ఆయన నవ్వి ఇచ్చారు. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది.

అయితే వాడి బతుకు తుపాకీలో లేదు, చెవుల్లో ఉంది. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం మమ్మల్ని పిలిచి, పొలాల్లో మందలు నిలుపుకుంటారు. దువ్వూరు వైపు పోతే ఒకే వంక దగ్గర నాలుగైదు మందలు నీళ్ళకు దిగుతాయి. దుమ్ములో ఏ గొర్రె ఎవరిదో కంటికి తెలియదు. ముందు నడిచే మేకపోతు మెడగంటను బట్టి మనిషి తన మందను పట్టుకుంటాడు, మంద కూడా ఆ గంటను బట్టే నడుస్తుంది. రంగన్న గంటలను తానే మోగించి, ఏరి, కట్టేవాడు. వాడు చెవి తిప్పితే చాలు, మన మేకపోతు ఏ మూల ఉందో చెప్పేవాడు. అలాంటి చెవి మా నాయనకు ఉండేదని చెప్పుకుంటారు, ఆ తర్వాత రంగన్నకే.

జమ్మలమడుగు పోటీనాడే ఆ చెవికి దెబ్బ తగిలింది. అక్కడ పోటీ పెట్టింది మూతపడిన నాపరాయి గనిలో. చుట్టూ రాతిగోడలు. త్రీ నాట్ త్రీ రైఫిల్ పేలితే ఆ మోత గోడలకు కొట్టుకొని మళ్ళీ చెవిలోకే వచ్చేది. అది చాలదన్నట్టు, అట్టల వెనక మట్టి పోయాల్సిన చోట ఎవరో నాపరాళ్ళు నిలబెట్టారు. గుండు తగిలి రాతిపెచ్చు ఎగిరి వచ్చి జనార్దనం గారి కళ్ళజోడును కొట్టింది. అద్దం పగిలింది, కన్ను దక్కింది. ఆయన పగిలిన జోడును తీసి తిప్పి చూసుకున్నారు. తర్వాత, "రాతకోతల కోసం పెట్టుకున్న జోడు ఈ పొద్దు కన్ను కాచింది. రేపటి నుంచి అద్దాలు లేనోళ్ళు క్లబ్బులో తుపాకీ ముట్టగూడదు" అన్నారు. అప్పటికప్పుడు రాళ్ళు తీయించి మట్టి పోయించాకే పోటీ సాగింది. రంగన్న చెంబు గెలిచాడు.

మర్నాడు వంక దగ్గర మందలు కలిశాయి. రంగన్న చెవుల్లో అప్పటికీ గుయ్యిమని మోత. గంట విన్నాననుకొని పిలిచాడు, తోలాడు, ఇంటికి వచ్చాడు. వెనకే దువ్వూరు కాపరి ఒకడు రొప్పుతూ వచ్చాడు.

"ఏంది రంగన్నా, మా మేకపోతు మీ ఇంటికి అల్లుడెప్పుడాయె? చెప్పింటే పసుపుగుడ్డలు పెట్టి పంపేటోళ్ళం గదా."

ఊరంతా నవ్వింది. అంకమ్మ నవ్వలేదు. సగం మంద ఆ దువ్వూరు మేకపోతు వెనక వచ్చింది, మిగతా సగం మన మేకపోతుతో వంక దగ్గరే ఉంది. నేను పోయి తోలుకొచ్చాను.

"బావా," అంది అంకమ్మ, "గంట ఇనపడని చెవులతో మనం ఏం తిని బతకాల? చెంబు నాక్కోనా? చెవులు కాపాడుకునే దారి చూస్తే కాల్చుకో. లేదంటే మానేయ్. రెంట్లో ఒగటి."

"డిసెంబర్ల కడపలో జిల్లా పోటీ ఉందమ్మే."

"ఉండనీ. అంతలోపలే చూసుకో."

రెండు మూడు రోజులకు మోత తగ్గి గంట మళ్ళీ వినిపించింది. ఈసారి తిరిగొచ్చింది, మళ్ళీమళ్ళీ తిరిగిరాదేమోనన్న భయం వాడికీ పట్టుకుంది.

మొదట చేసిన పని మావాళ్ళు మాత్రమే చేయగలిగినది. గొర్రె చెవికి పుండైతే వేపనూనెలో ముంచిన ఉన్ని పెట్టడం మాకు అలవాటు. రంగన్న తన చెవుల్లోనూ అదే కూరుకొని ఆదివారం క్లబ్బుకు పోయాడు. ఉన్ని వదులుగా ఉండి మోతను ఆపలేదు గానీ, ఒక పోగు లోపల చిక్కుకుంది. ఆసుపత్రిలో కాంపౌండరు దాన్ని తీసి, వాసన చూసి, "మనిషివా, పొట్టేలువా?" అని అడిగాడట. చెవిలో ఏదైనా పెడితే అది చెవిని సందు లేకుండా మూయాలి, లోపల పోగులు వదలకూడదు, వదులుగా పెట్టిన ఉన్నీ దూదీ పనికిరావని కూడా ఆయనే చెప్పాడు.

కళ్ళ సంగతి అంతకంటే సులువనుకున్నాడు. జమ్మలమడుగులో రాళ్ళు కొట్టేవాళ్ళు పెట్టుకునే ఇనుప జాలీ అద్దాలు తెచ్చాడు. పెచ్చులకు అవి మంచివే, కానీ జాలీ గుండా చూస్తే తుపాకీ మొన ఒకటి నాలుగై కనిపించింది. ప్రొద్దుటూరులో నల్ల అద్దాలు కొన్నాడు.

"సినిమాలో దొంగ మాదిరుండావు" అంది అంకమ్మ.

అవి పెట్టుకుంటే అట్ట మీది నల్లచుక్క మబ్బులో కలిసిపోయింది. చివరకు తెల్లటి మందపాటి అద్దాల జోడు చేయించుకున్నాడు. చుక్క శుభ్రంగా కనిపించింది. కంటి పని అయిందనుకున్నాం.

చెవుల కోసం నేనే వాణ్ణి పులివెందులకు తీసుకుపోయాను. అక్కడ లాల్ బాషాకు ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. లేత్ కూడా పెట్టాడు. రంగన్న సంగతంతా చెప్పాడు. లాల్ బాషా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"గట్టిగా చెప్పప్పా. నా చెవులు ఇంజన్లు ఎప్పుడో తినేసినాయి."

రంగన్న అరిచి చెప్పాడు. లాల్ బాషా పగలబడి నవ్వాడు. "చెవులు పోయినోని దగ్గరికా వచ్చినారు చెవుల కోసరం?"

"నువ్వు ముందే ఏదన్నా చేసుకోని ఉంటే బాగుండు గదా మామా."

"అప్పుడు నీ మాదిరి అడిగేటోడు రాల్యా, నాకూ తోచల్యా. కూచో, చూస్తాం."

టేకుచెక్కను లేత్ మీద తిప్పి రెండు గిన్నెలు తీశాడు, చెవి మొత్తం లోపల పట్టేంతవి. లోపల కంబళి ముక్కలు పరిచాడు. అంచు చుట్టూ మెత్తటి గొర్రెతోలు గొట్టంలా కుట్టి ఉన్ని కూరాడు. పాత రంపపు బద్దను వంచి, రెండు గిన్నెలనూ తల మీదుగా కలిపాడు. బద్ద పట్టు ఎంత ఉండాలో రంగన్న తల మీదే సరిచూశాడు. వదులైతే మోత దూరుతుంది, బిగువైతే తలనొప్పి. తుపాకీ చెంపకు ఆనించి చూస్తే కుడి గిన్నె అడ్డొచ్చింది. దాని కింది అంచును చెక్కి పలుచన చేశాడు. ఇంత పని ఏ పట్నంలో చేస్తారో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక అంకమ్మ పరీక్ష పెట్టింది. మొగుణ్ణి వీపు తిప్పి కూర్చోబెట్టి, వెనక నిలబడి మందగంటలు మోగించింది. పెద్ద గంట మోగిస్తే, "దూరంగా, నీళ్ళలో మోగినట్టుంది" అన్నాడు. పిల్లల మెడకు కట్టే చిన్నగజ్జె మోగిస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు.

"పాసైనావు, పో" అంది.

ఆదివారం గిన్నెలు పెట్టుకొని పోయాడు. గిన్నెలుంటే ఈల సరిగా వినపడదని, ఆపమనడానికి జనార్దనం గారు ఎర్రజెండా కూడా ఎత్తడం మొదలుపెట్టారు. జెండా లేస్తే తుపాకీ కింద పెట్టి, గిన్నె ఎత్తి మాట వినాలి. అంతా బాగుంది. కానీ సాయంత్రం రంగన్న ముఖం వేలాడేసుకొని వచ్చాడు. చెవుల్లో మళ్ళీ మోత. మునుపటంత లేదు గానీ, ఉంది.

"లాల్ బాషా మనకు చెక్క అంటగట్టినాడు" అన్నాన్నేను, తొందరపడి.

"ఇంట్లో పని చేసి ఆడ ఎందుకు చేయకపాయె?" అంది అంకమ్మ. వాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టింది. "తుపాకీ పట్టేటప్పుడు ఎట్లుంటావో అట్లనే కూచో, బావా. అన్నీ పెట్టుకో."

రంగన్న కళ్ళజోడు పెట్టుకొని, దాని మీద గిన్నెలు పెట్టుకున్నాడు. వాడు సర్దుకుంటుండగానే అంకమ్మ చప్పుడు కాకుండా వెనక్కి జరిగి చిన్నగజ్జె ఒకసారి ఊపింది. వాడు తల తిప్పాడు.

"ఎందుకు తిరిగినావు?"

"గజ్జె మోగింది గదా."

"మొన్న మోగల్యా మరి?"

అంకమ్మ దగ్గరికి వచ్చి గిన్నె అంచు మీద వేలు పెట్టి తడిమింది. చెవి మీదుగా పోయే కళ్ళజోడు కాడ, తోలు అంచును కొంచెం పైకి ఎత్తుతోంది. అటొక సందు, ఇటొక సందు. మోత అందులోంచే దూరుతోంది. జోడు తీసి మోగించింది, వినపడలేదు. పెట్టి మోగించింది, వినపడింది. కంటికి పెట్టుకున్నదే చెవిని పాడుచేస్తోందని మా ఇంట్లో తేలింది. జోడు తీసేద్దామా అంటే, జనార్దనం గారి పగిలిన అద్దం కళ్ళ ముందే ఉంది.

మళ్ళీ పులివెందుల. నేను తప్పుగా అన్న మాట లాల్ బాషాకు చెప్పలేదు, చెప్పినా వినపడేది కాదు. రంగన్న అరిచి చెప్పిన సంగతి విని, లాల్ బాషా సానరాయి పక్క మేకుకు వేలాడుతున్న తన కళ్ళద్దాలు తీసి చూపించాడు. తెల్లటి మందపాటి అద్దం, పక్కల మూతలు, కాడలకు బదులు తల చుట్టూ బట్టపట్టీ. అద్దం నిండా సన్నటి గుంటలు.

"ఈ గుంటలన్నీ నా కండ్లల్లో పడాల్సినవి. చెవులు పోయినా కండ్లు నిలబెట్టుకున్నా. ఇట్లాటివే కొత్తవి ఇస్తా. ముందు గిన్నెలు పెట్టుకో, ఆ మీద పట్టీ కట్టు. సందుండదు."

చెమటకు అద్దం మసకబారకుండా పక్కమూతలకు సన్నటి బెజ్జాలు కూడా వేశాడు. ఇంటి దగ్గర గజ్జె మోగింది, రంగన్న తిరగలేదు. ఆదివారం కాల్చి వచ్చాడు, చెవుల్లో మోత లేదు. ఆ తర్వాత క్లబ్బులో నలుగురైదుగురు పులివెందుల బస్సెక్కారు. మొదట ఎక్కింది జనార్దనం గారే.

డిసెంబరులో కడప పోటీకి జిల్లా నలుమూలల నుంచీ వచ్చారు. రంగన్న తలకట్టు చూసి కొందరు, "ఏమప్పా, ఇమానం నడపను వచ్చినావా?" అని నవ్వారు. వాడికి వినపడలేదు. రెండో స్థానంలో నిలిచి, హైదరాబాదులో రాష్ట్రపోటీకి పోయే జిల్లా జట్టులో చేరాడు. చాపాడు పక్క పల్లె పేరు హైదరాబాదులో చదవబోతున్నారంటే అది మా రంగన్న వల్లే.

అయితే తుదిమాట అంకమ్మది. కడప నుంచి వచ్చిన మర్నాడు వాణ్ణి దువ్వూరు వంకకు తానే తీసుకుపోయింది. నేనూ వెంట ఉన్నాను. మందలు కలిశాయి, దుమ్ము లేచింది. రంగన్న చెవి తిప్పాడు.

"అదో, తుమ్మచెట్ల యెనకాల. మన నల్ల మేకపోతు నీళ్ళు తాగకుండా నిలబడుండాది, గంట ఒగే తావున మోగతాండాది. దాని పక్కన దువ్వూరోళ్ళ అల్లుడుండాడు."

అంకమ్మ పోయి చూసి వచ్చింది. రెండూ ఉన్నాయి. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, "హైదరాబాదుకు సద్దులు ఏం కట్టాల్నో చెప్పు" అంది.

నిన్న ప్రొద్దుటూరు బస్టాండులో ఎక్కించి వచ్చాం. మందను నేను చూస్తున్నాను. పోటీలు శనివారంతో ముగుస్తాయి. ఎర్రగుంట్లలో రైలు దిగి, బస్సులో రంగన్న ఇంటికి చేరేది ఫిబ్రవరి పదో తేదీ, సోమవారం.