సలమాంకా కప్పకు బొట్టు

2021లో ఆరు నెలలు గీతిక స్పెయిన్‌లోని సలమాంకాలో చదివింది. ఉన్నది మాత్రం జర్మనీలో, తన సొంత కాలేజీ ఉన్న లైప్‌జిగ్‌లో, మూడో అంతస్తు గదిలో. ఎనిమిది వందల ఏళ్ల యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ చదవబోతున్నానని జగిత్యాల చుట్టాలందరికీ చాటింపు వేసుకున్నాక, కరోనా పుణ్యమా అని క్లాసులన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి. అయినా పిల్ల తగ్గలేదు. స్పెయిన్‌వాళ్లలాగే మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసేది. ఎవరన్నా అడిగితే "మా సలమాంకాల గంతే" అనేది.

ఇంతలో వైవా ముంచుకొచ్చింది. అది పోతే ఆరు నెలల చదువూ గంగలో కలిసినట్టే. గీతికకు నిజంగానే భయం పట్టుకుంది. సలమాంకాలో ఒక ఆచారముంది. యూనివర్సిటీ ముందుగోడ నిండా రాతిబొమ్మలు, వాటిలో ఎక్కడో ఒక పుర్రె మీద చిన్న కప్ప. ఎవరి సాయం లేకుండా దాన్ని కనిపెట్టినవాళ్లు పాసవుతారట. గీతిక ఆ గోడ ఫొటోను ఎనిమిది కాగితాల మీద ప్రింటు తీసి, మంచం పక్కన అతికించి వారం రోజులు వెతికింది. రాజులు దొరికారు, గద్దలు దొరికాయి, కప్ప దొరకలేదు. నెట్‌లో చూస్తే సాయం తీసుకున్నట్టవుతుందని చూడలేదు.

పరీక్ష పొద్దున వాళ్లమ్మ లక్ష్మీదేవి వీడియో కాల్ చేసింది.

"హాల్‌టికెట్‌కు బొట్టు పెట్టినవా బిడ్డా?"

"ఆన్‌లైన్ వైవాకు హాల్‌టికెట్ ఉండదమ్మా."

"మరి నువ్వు చెప్పిన గా కప్పకన్న పెట్టు."

"అది యాడున్నదో కనవడ్తలేదే."

"కనవడకుంటేంది? అందరికి పెట్టు. అండ్ల అది గూడ ఉంటది గదా!"

దీనికిక తిరుగేముంది? గీతిక కుంకుమ భరిణె తీసి రాజుకు, రాణికి, గద్దలకు, చివరికి రాతిపువ్వులకు కూడా బొట్లు పెట్టేసింది.

వైవాకు ముందు గదంతా కెమెరాలో చూపించాలి. ల్యాప్‌టాప్ తిప్పుతుంటే తెల్లగడ్డం ప్రొఫెసర్ ఆపమన్నాడు.

"ఆ ఎర్రచుక్కల మ్యాప్ ఏమిటి? జర్మనీలో కరోనా కేసులు అంత పెరిగాయా?" అని ఇంగ్లీషులో కంగారుగా అడిగాడు.

 అమ్మ, కుంకుమ, కప్ప అంటూ గీతిక ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన తెరకు ముక్కు ఆనించి చూశాడు.

"కుడివైపు, రెండు కాగితాలు కలిసేచోట చూడు. అన్నిటికీ పెట్టి, దానికొక్కదానికే పెట్టలేదు."

జిగురు మరక అనుకుని వదిలేసిన ముద్దే కప్ప!

"అయితే నేను ఫెయిలేనా సార్?"

"ఆచారం ప్రకారం అంతే" అని ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. "రోజూ ఆ గోడ ముందు నుంచే నడుస్తాను. ఈ ఏడాది కప్ప కోసం వెతుకుతూ ఒక్క పిల్ల గానీ పిల్లాడు గానీ కనబడలేదు. నువ్వు వారం వెతికావు."

ఆ పైన నలభై నిమిషాలు ప్రశ్నలతో ఉతికి ఆరేశాడు. కప్ప ఒక్క జవాబూ అందించలేదు. గీతిక సొంత చదువుతోనే పాసయింది.

"దారులు తెరిచాక రా, కప్పను దగ్గరుండి చూపిస్తాను" అన్నాడు ప్రొఫెసర్. "ఆ ఎర్రపొడి మాత్రం ఇంట్లో పెట్టి రా. మా గోడ కాగితం కాదు."

గీతిక బుద్ధిగా సరేనంది. కాల్ కట్ కాగానే మంచమెక్కి, కప్పకు బొట్టు పెట్టింది.