బూటులో గులకరాయి

ఫిల్మ్ కాలేజీలో ఎవరు షార్ట్ ఫిల్మ్ తీసినా, అందులో అడుగుల చప్పుడు ఆమెదే. నటుల చెప్పులు అడిగి తెచ్చుకుని, రికార్డింగ్ గదిలో మైకు ముందు తెర వంక రెప్పవేయకుండా చూస్తూ, పెదవి కొరుక్కుంటూ, ఇసుక పళ్లెంలోనో చెక్క మీదో వాళ్ల నడక నడుస్తుంది. ఈసారి సినిమాలో ఒక కుంటి తాత. ఆ నడక ఎంతకీ కుదరకపోయేసరికి బూటులో గులకరాయి వేసుకుని మూడు రోజులు నడిచింది. మడమ పుండు పడింది.

ప్రదర్శన అయ్యాక పెద్ద మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. "ఆ అడుగులు వింటుంటే కడుపు తరుక్కుపోయిందయ్యా! ఎలా చేశారు?"

"షూటింగ్‌లోనే రికార్డు చేసేశాం సార్," అన్నాడు ఆ సినిమా తీసిన క్లాస్‌మేటు. వెనక వరసలో ఆమె కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టింది. బయటికి నడుస్తుంటే అతనే పలకరించాడు.

"అదేంటి, కుంటుతున్నావ్?"