పలక మీద సొరబుర్ర

నా చిన్నప్పుడు, పాడేరుకు ఎగువన ఉన్న మా గూడెంలో బడి లేదు. మైదానం నుంచి వచ్చిన పాస్టరయ్యగారే ప్రార్థన పాకలో మాకు అక్షరాలు దిద్దించేవారు. నా వేళ్లు పట్టుకుని బలపం నడిపించిన మొదటి చెయ్యి ఆయనదే. అక్షరం అబద్ధమాడదని చెప్పేవారు. నేను నమ్మాను.

మా మామ్మకు చదువు రాదు. లోకమంతా వరదలో మునిగినప్పుడు ఒక అన్నా చెల్లీ సొరబుర్రలో దూరి బతికారనీ, మనమంతా వాళ్ల సంతతేననీ తిరగలిలో చోళ్లు విసురుతూ చెప్పేది. ఒక ఆదివారం అయ్యగారు నోవహు ఓడ గురించి చదువుతుంటే సంబరం పట్టలేక లేచాను.

"మా మామ్మా ఇదే సెప్తాదండీ! ఓడ కాదు, సొరబుర్ర!"

పాకంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"అది సైతాను అల్లిన అబద్ధంరా. ఇది దేవుడి మాట."

"ఎలా తెలుసండీ?"

"ఇందులో రాసి ఉంది కదా!"

నా కోసమే వచ్చి గుమ్మంలో కూర్చున్న మామ్మ తల దించుకుంది.

ఆ వారం పలక నిండా మామ్మ కథ రాశాను. మళ్లీ ఆదివారం ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి పలక ఆయన చేతికిచ్చాను.

"ఇప్పుడిదీ రాసుందండీ. మా మామ్మ అబద్ధమాడలేదని అందరికీ సెప్పండి."

ఆయన శ్రద్ధగా చదివారు. తప్పిన ఒత్తు ఒకటి దిద్దారు కూడా. ఆ తర్వాత అరచేత్తో పలకంతా తుడిచేసి, కీర్తన రాసుకోమన్నారు.

ఇంటికొచ్చాక ఆ కథ మళ్లీ చెప్పమని మామ్మను బతిమాలాను.

"నాకేటి తెలుస్తాదిరా గుంటడా? సదువుకున్నోడివి, నువ్వే సెప్పు" అంది. చనిపోయేదాకా ఇంకే కథా చెప్పలేదు.

పెద్దయ్యాక బైబిలు మొత్తం చదివాను. మనసును కదిలించే మాటలు అందులో ఎన్నో ఉన్నాయి. సత్యం దానికొక్కదానికే దక్కిందనడానికి రుజువు మాత్రం కనబడలేదు. తన మాట నిజమని తానే చెప్పుకుంటే అది సాక్ష్యం ఎలా అవుతుంది? అదే ప్రశ్న సొరబుర్రనూ అడిగాను. దాన్నీ నమ్మను. ఓడ మీద నాకు కోపం లేదు. ఓడకొక తూకం, బుర్రకొక తూకం పెట్టింది నాకు అక్షరం నేర్పిన చెయ్యే కావడం ఈ వయసులోనూ మింగుడుపడదు.

ఏ మతం వారైనా, తమ గ్రంథమొక్కటే సత్యమని నాతో అంటే, నా చూపు ముందు వాళ్ల అరచేతి మీదికి పోతుంది, బలపం పొడి అంటుకుని ఉందేమోనని.