బిక్షపతి తెల్లకోటు

యూనివర్సిటీ మైక్రోబయాలజీ ల్యాబులో బిక్షపతి అటెండరు. సూక్ష్మజీవులను పెంచిన గాజు ప్లేట్లను ఆవిరి యంత్రంలో పెట్టి, వాటిలోని క్రిములు చచ్చాక కడిగి ఆరబెట్టడం ఇరవై ఏళ్ళుగా ఆయన పని. కొత్తగా చేరిన పిల్లలకు ప్రొఫెసర్ పద్మశ్రీ కంటే ముందు పాఠం చెప్పేది ఆయనే.

"గీడ తినొద్దు, తాగొద్దు. పెన్ను నోట్లె పెట్టొద్దు. పొయ్యేటప్పుడు చేతులు కడగాలె. కోటు గీ మేకుకే ఉండాలె, ఇంటికి పోవద్దు."

ఆ చివరి మాట పిల్లలకే గానీ తనకు కాదని ఆయన నమ్మకం. సాయంత్రం కాగానే తెల్లకోటుతోనే మాణికేశ్వర్ నగర్‌లోని ఇంటికి నడిచేవాడు. తప్పే. కానీ ఆ గల్లీలో ఆ కోటుకున్న మర్యాద చూస్తే ఎవరికైనా తిట్టడానికి నోరు రాదు. తార్నాక చౌరస్తాలో కూరగాయలమ్మి కొడుకును పదో తరగతి దాకా చదివించిన తల్లి సారలమ్మ, ఆ కోటును చూసుకోవడానికే గుమ్మంలో కూర్చునేది.

ఆమెకు షుగర్. కాలి వేలికి పుండు. రోజూ కట్టు మార్చేది కొడుకే. కోటు విప్పబోతే ఆమె ఊరుకునేది కాదు.

"ఉండనియ్యి బిడ్డా. డాక్టర్ కట్టు కట్టినట్టుంటది."

బిక్షపతి సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగేవాడు. పొద్దంతా ల్యాబు బల్లల మీద రాసుకున్న కోటు చేతులు మాత్రం ఆ పుండు పక్కనే వేలాడుతుండేవి. పిల్లలకు అంత పాఠం చెప్పే మనిషికి అది తట్టనే లేదు.

వానాకాలంలో పుండు చెడింది. కాలు నల్లబడి, జ్వరం ముంచుకొచ్చి, ఆసుపత్రిలో చేర్చారు. విషం రక్తంలోకి ఎక్కిందన్నారు. సెలవు అడగడానికి వెళ్ళిన బిక్షపతి కట్టు సంగతంతా పద్మశ్రీకి చెప్పాడు.

"మేడం, నా కోటుతోనే అయిందా?"

"చెప్పలేం బిక్షపతీ. షుగర్ పుండు దానంతటదే చెడొచ్చు. కోటు వల్ల కూడా కావచ్చు."

కాదని ఒక్క అబద్ధం చెప్పినా ఆయన బతికిపోయేవాడు. కోటు విప్పి మేకుకు తగిలించి, ఉత్త చొక్కాతో ఆసుపత్రికి వెళ్ళాడు.

"కోటేది బిడ్డా?" అంది సారలమ్మ.

"ల్యాబుల ఉన్నదవ్వా."

"వేసుకోని రారాదా? నర్సులు నన్ను జర మంచిగ చూస్తరు."

మర్నాడూ ఉత్త చొక్కాతోనే వచ్చాడు. మూడో రోజూ అంతే. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆమె కాలి కట్టు కంటపడి, దాని మీదికి దుప్పటి లాగాడు. నా వల్లే నీకీ గతి పట్టిందేమోనని కన్నతల్లికి ఏ కొడుకు చెప్పగలడు?

సారలమ్మ ఆయన చేయి పట్టుకుంది. "నౌకరి తీసేసిన్రా?"

"లేదవ్వా."

"నాతోని గూడ దాస్తవా?"

ఎన్నిసార్లు లేదన్నా నమ్మలేదు. కొడుకు మందులకు వెళ్ళబోతుంటే కోడలు రజినిని మంచం దగ్గరికి పిలిచింది. గుమ్మం దగ్గరున్న బిక్షపతికి ఆ మాటలన్నీ వినబడ్డాయి.

"వాన్ని ఏమనకు బిడ్డా. నాకు చెప్పనీకి సిగ్గైతున్నది వానికి. నేను లేస్తే మళ్ళ చౌరస్తల గంప పెట్టుకోని కూసుంట. ఎట్లనో ఎల్లదీద్దాం."

మర్నాడు పొద్దున సారలమ్మ పోయింది, కొడుకు కొలువు పోయిందన్న దిగులుతోనే.