బాలింతకు నీళ్లు

ఊపిరినిచ్చిన దేవునికి స్తోత్రం. బండలోంచి నీళ్లు తెప్పించి దప్పిగొన్న జనాన్ని బతికించినవానికి మహిమ కలుగును గాక. ఆయన కృపను బట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తొంభైల నడుమ ఒక మే నెల. ఉదయం ఆరున్నరకు మా మూడు లారీలు శంషాబాద్ దాటి కొత్వాల్‌గూడ దగ్గర బండల మధ్య ఆగాయి. ఇప్పుడు విమానాలు దిగే వైపంతా అప్పుడు రాళ్లు, తుమ్మచెట్లు, ఎండిన చేలు. ఆర్మీ వైర్‌లెస్ శిక్షణ శిబిరం. ఆరు వారాల డ్యూటీ. నలభై మంది, ఎనిమిది గుడారాలు. నేను నర్సింగ్ అసిస్టెంటును. నా దగ్గర ఒక మందుల పెట్టె, బీపీ చూసే పరికరం, పన్నెండు సెలైన్ సీసాలు, ఒక స్ట్రెచర్. మా ఊరు జల్‌పల్లి, సైకిల్ మీద గంటన్నర. అయినా సెలవు లేదు.

మధ్యాహ్నం గుడారంలో నలభై నాలుగు డిగ్రీలు. ఆర్డరు ఒక్కటే: గంటకో సీసా నీళ్లు. హవల్దార్ ఎదురుగా నిలబెట్టి తాగించేవాడు. "తాగకుండా పడిపోయినోడికి ముందు శిక్ష, తర్వాతే సెలైన్" అనేవాడు.

ఆ నీళ్లు రోజూ ఎనిమిదింటికి ట్యాంకరులో వచ్చేవి. డ్రైవరు కొత్వాల్‌గూడవాడే. పైపు విప్పుతూ నవ్వించేవాడు. "మీరు మనుషులా, బర్లా అన్నా? నిన్న తెచ్చింది నిన్ననే తాగిండ్రు!"

రెండో వారంలో అతనికి కొడుకు పుట్టాడు. అందరికీ బెల్లం పంచాడు. కాన్పయిన తొమ్మిదో రోజు మాత్రం అతని మొహంలో నవ్వు లేదు.

"అన్నా, మా ఇంటామెకు మూడొద్దుల సంది తల నొస్తున్నది. పగిలిపోతున్నదంటది. రెండుసార్లు కక్కింది. జర గోలీలు ఇయ్యి."

"జరమున్నదా?"

"లేదు."

"బాలింత కదా, గాలి తగిలి ఉంటది. చెవుల్ల దూది పెట్టుమను. తలుపు మూసి ఉంచుమను."

నాలుగు గోలీలు ఇచ్చాను. అతని భుజం మీద చెయ్యి వేసి ప్రార్థించాను. హిందువైనా చేతులు జోడించి "ఆమెన్" అన్నాడు. ఆమె నీళ్లు తాగుతోందా అని నేను అడగలేదు. నలభై మందిని గంటగంటకూ అడిగే ప్రశ్న అది. మా ఇళ్లలోనూ బాలింతకు నీళ్లు పోయరు గనుక నాకు తోచనే లేదు.

మర్నాడు ట్యాంకరు రాలేదు. పది నలభైకి డ్రైవరు చెప్పులు లేకుండా ఎండలో పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, కాళ్లు చేతులు కొట్టుకుంటున్నది! కండ్లు పైకి పోయినయ్!"

పెట్టె, స్ట్రెచర్, వైర్‌లెస్ జీపు. ఎనిమిది నిమిషాల్లో ఇల్లు చేరాం. మూసిన గదిలో కుంపటి. ఆమెకు ఇరవై ఏళ్లుండవు. ఫిట్సు ఆగింది గానీ కుడి చెయ్యి, కుడి కాలు వాలిపోయాయి. నాలుక చెక్కలా ఉంది.

"నీళ్లు ఎన్ని ఇచ్చిండ్రు?" అని అత్తను అడిగాను.

"పొద్దుగాల ఓ గిలాస, మాపున ఓ గిలాస. అవిటిని గూడ కాచి ఇచ్చినం. ఎక్కువ తాగితే ఒళ్లు ఉబ్బుతది బిడ్డా. మేమంతా గట్లనే కన్నం."

సెలైన్ ఎక్కించాను. జీపులోంచి వైర్‌లెస్‌లో మా యూనిట్ డాక్టరుతో మాట్లాడాను.

"బాలింత సార్, పదో రోజు. తలనొప్పి, ఫిట్సు, కుడివైపు పడిపోయింది. ఓవర్."

"బీపీ?"

"మామూలుగానే ఉంది. ఓవర్."

"మెదడు సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. సిటీలో పెద్ద దవాఖానకు తీసుకుపో. ఒక్క నిమిషం ఆగొద్దు. ఓవర్."

యాభై నిమిషాల దారి. ఆరాంఘర్ దగ్గర మళ్లీ ఫిట్సు. ట్యాంకరు డ్రైవరు ఆమె పాదాలు పట్టుకుని అడిగాడు: "చచ్చిపోతదా అన్నా?" చిన్నప్పటి నుంచి కంఠస్థమైన కీర్తనల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "ప్రభువా, ప్రభువా" అన్నాను, అంతే. నా నాలుగు గోలీలే కళ్ల ముందు కనబడ్డాయి.

స్కానింగ్ చూసి వార్డు డాక్టరమ్మ చెప్పారు. "సిరలో గడ్డేనండీ. రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. రెండు రోజుల దాకా ఏమీ చెప్పలేను."

"ఇది అరుదైన జబ్బే కదా మేడం?"

"మామూలు జనంలో అరుదే. బాలింతల్లో అంత అరుదేం కాదు. కాన్పయ్యాక రక్తం ఎటూ చిక్కబడుతుంది. దానికి తోడు ఈ ఎండల్లో నీళ్లు మాన్పిస్తారు. తలనొప్పి అంటే గాలి అనుకుని ఇంట్లోనే ఉంచేస్తారు. ఇక్కడిదాకా రానివాళ్లను ఎవరు లెక్కపెట్టారు? అందుకే అరుదు అనుకుంటున్నాం."

గాలి అన్నది నేనే.

మూడో రోజు ఆమె కళ్లు తెరిచింది. దేవునికి స్తోత్రం. శిబిరం ఎత్తేసే నాటికి గోడ పట్టుకుని నడిచింది. కుడిచేతి వేళ్లు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. పిల్లవాణ్ణి ఎడమచేత్తోనే ఎత్తుకునేది.

డ్యూటీ అయ్యాక జల్‌పల్లి వెళ్లాను. సంచీ దించకముందే అమ్మను అడిగాను: "నన్ను కన్నప్పుడు నీకు నీళ్లు ఇచ్చిండ్రా?"

"ఎవరిస్తరు బిడ్డా? గొంతు తడుపుకునుడే."

ఆ రోజు డ్రైవరు ఇంట్లో చూసింది ఒకటి అమ్మకు కూడా చెప్పలేదు. ఆ గది గోడకు అవతల ఇంటివాళ్ల నీళ్ల కుండ ఉంది. చెమ్మ దిగి మంచం పక్కన గోడ అడుగున మట్టి మెత్తబడింది. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే చూశాను. ఆమె ఎడమచేతి గోళ్ల నిండా ఆ తడిమట్టి. పెదవుల మీద కూడా అదే. కళ్లు మూస్తే ఇప్పటికీ ఆ పెదవులే కనబడతాయి.

చదువుతున్న మీరూ నాతో కలిసి మోకరించండి. ప్రభువా, తల నొస్తున్నదని చెప్పే ఏ బాలింత మాటనూ మేము కొట్టిపారేయకుండా మా చెవులు తెరువుము. ఆమెన్.