ఏడు సెకండ్ల బుచ్చన్న

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకప్పుడు జనరేటర్ నడిపేవాళ్ళు పాతికమందికి తక్కువ ఉండేవారు కాదు. నడుస్తున్న జనరేటర్ మీది నుంచి పక్కనున్న రెండో జనరేటర్ మీదికి లోడు మార్చాలంటే మధ్యలో కాసేపు లైట్లు ఆరిపోక తప్పదు. ఆ కాసేపు ఒకడి చేతిలో ఇరవై సెకండ్లు, ఇంకొకడి చేతిలో అర నిమిషం. మరీ తాపీమనిషైతే బీడీ ఆర్పి లేచేసరికే నిమిషం దాటేది. బుచ్చిరాములుకు మాత్రం ఏడు సెకండ్లే పట్టేది. మెయిన్ దించడం, పిడి అవతలికి తిప్పడం, మీటరు ముల్లు చూడడం, మెయిన్ ఎత్తడం. ఈ నాలుగు పనులకూ ఏడే సెకండ్లు. ఆ లెక్కతోనే ఆయన పేరు స్థిరపడిపోయింది. జీతం కాయితం మీద తప్ప ఇంకెక్కడా ఆయన బుచ్చిరాములు కాడు, ఏడు సెకండ్ల బుచ్చన్న.

ఆయన పనిచేసిన వాల్వుల ఫ్యాక్టరీలో షిఫ్టులు ఎనిమిది నుంచి ఎనిమిదికి. కరెంటు కోతలతో వేగలేక యజమాని రెండు జనరేటర్లు పెట్టించాడు, పగటికి ఒకటి, రాత్రికి ఒకటి. బుచ్చిరాములు ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు రెండోదాన్ని స్టార్ట్ చేసి ఉత్తగా తిరగనిచ్చేవాడు. సైరన్ మోగగానే లోడు మార్చేవాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ముప్పై నాలుగేళ్ళు. చివరికి ఆ పని మనిషి చేస్తున్నాడో చెయ్యి చేస్తోందో తెలియకుండా పోయింది. మేనకోడలి పెళ్ళి నాచారంలోనే జరిగితే, సరిగ్గా ఎనిమిదింటికి సైరన్ మోగింది. అక్షింతలు పట్టుకున్న బుచ్చిరాములు కుడిచేయి అక్షింతలు వదిలేసి, పక్కనున్న పెళ్ళికొడుకు మేనమామ కండువాను పట్టి కిందికి ఒక్క గుంజు గుంజింది. ఆ రోజు నుంచి ఆయన భార్య వెంకటనర్సమ్మ, ఆయన ఇంట్లో ఉన్న రోజున ఎనిమిదింటి ప్రాంతంలో ఆయన చేతికి వేడి కూరగిన్నె అందించడం మానేసింది.

2014 జనవరిలో రిటైరైనప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు శాలువా కప్పి, గాజు షీల్డు ఇచ్చారు. "మా ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళలో ఒక్క తప్పు లేదు" అని దాని మీద చెక్కించారు. వెంకటనర్సమ్మ దాన్ని టీవీ మీద పెట్టి, వచ్చినవాళ్ళందరి చేతా చదివించేది. చదివినప్పుడల్లా బుచ్చిరాములు లేచి మంచినీళ్ళకు వెళ్ళేవాడు.

ఎందుకంటే తప్పు ఒకటి ఉంది. ఫ్యాక్టరీలో కాదు, బయట.

పదేళ్ళ కింద, 2004 ఫిబ్రవరిలో, ఉప్పల్‌లో టెంట్లూ జనరేటర్లూ కిరాయికిచ్చే రామ్మోహనరావు వచ్చి కూర్చున్నాడు.

"బుచ్చన్నా, ఇంగ్లండోళ్ళ పాట కచేరి ఉన్నది. రెండు జనరేటర్ బండ్లు వెట్టాలె. లైటు ఆరిందంటె నా ఇజ్జత్ పోతది. నువ్వైతెనే నాకు ఫికర్ ఉండది."

ఆ ఇంగ్లండువాళ్ళ పేరు గ్రే ఫెర్రీ. డెబ్బైలలో కుర్రకారును ఊపేసిన రాక్ బ్యాండ్. ఉప్పల్ దాకా వచ్చేసరికి నలుగురికీ జుట్టు భుజాల మీద అలాగే ఉంది, నెత్తిమీద మాత్రం పలచబడింది. రింగు రోడ్డు దాటాక ఉన్న ఖాళీ మైదానంలో స్టేజీ వేశారు. రేకుల మరుగున, స్టేజీ వెనకాల, రెండు జనరేటర్ల మధ్య స్టూలు మీద, ఫ్యాక్టరీకి ఆ రోజు సెలవు పెట్టి వచ్చిన బుచ్చిరాములు. రెండోది కూడా ఊరికే తిరుగుతూ ఉండాల్సిందేనని బ్యాండు తాలూకు సౌండు మనిషి పట్టుబట్టాడు. ఒకటి లోడు మీద, ఒకటి ఉత్తగా. అంటే ఫ్యాక్టరీలో ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

ఎనిమిదయింది. గాలి నాచారం వైపు నుంచి వీస్తోంది. సైరన్ మోగింది.

చెయ్యి లేచింది.

మెయిన్ దిగాక గానీ తానెక్కడున్నదీ బుచ్చిరాములుకు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక మిగిలిన మూడు పనులూ పూర్తి చేయడం తప్ప దారి లేదు. ఏడో సెకండుకి లైట్లు వెలిగాయి. స్టేజీ అవతల వేలమంది గొంతులు ఒక్కసారిగా లేచాయి. తిడుతున్నారనుకున్నాడు. సౌండు మనిషి ఎర్రటి మొహంతో పరుగెత్తుకొచ్చి, ఆయన కళ్ళ ముందు బొటనవేలు ఎత్తి రెండుసార్లు ఆడించి వెళ్ళిపోయాడు. ఇక నీకు దక్కేది ఇదే అని బొటనవేలు చూపించాడని అర్థమై బుచ్చిరాములు తలదించుకున్నాడు. రామ్మోహనరావు ఆ టైములో గేటు దగ్గర పోలీసుల చుట్టాలకు పాసులు పంచుతున్నాడు, ఏమీ చూడలేదు. బుచ్చిరాములు ఎవరికీ చెప్పలేదు. భార్యకు కూడా.

అది అక్కడితో సమాధి అయిపోయేదే. కానీ 2009లో బుచ్చిరాములు ఇంటి మేడమీది వాటాలోకి తేజేష్ అద్దెకు వచ్చాడు. కాకినాడ కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చదువుకునే రోజుల్లో ఆ కచేరీ చూశాడట. ప్రతి ఫిబ్రవరిలో, తనలాగే చూసినవాళ్ళను పిలిచి మేడమీద కూర్చోబెట్టేవాడు. మిర్చిబజ్జీలు, పాత పాటలు, పాత ముచ్చట్లు. మోటరు వేసే మిషతో మెట్లెక్కిన బుచ్చిరాములుకు మొదటి ఏడాదే అర్థమైంది. వీళ్ళ ముచ్చట్లన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తున్నాయి, ఆ చీకటి దగ్గరికి. పాట మధ్యలో లైట్లూ మైకులూ అన్నీ ఆరిపోయాయట. కరెంటుతో పనిలేని డ్రమ్ములు మాత్రం ఆగలేదట. మిగతా పాటను మైదానమంతా కలిసి పాడిందట. అంత గొప్ప ఆలోచన ఆ బ్యాండుకే వస్తుందట.

తన తప్పును ఇంగ్లండువాళ్ళు నెత్తిన వేసుకున్నందుకు బుచ్చిరాములు లోలోపల సంతోషించాడు. ఒక్కటే ఆయనకు పడలేదు. లెక్క. ఆ ఏడాది ఆ చీకటి పదకొండు సెకండ్లన్నారు. మరుసటేడు ఇరవై. ఆ తర్వాత అర నిమిషం. ప్రతి ఫిబ్రవరికీ ఎవరో తన పేరులోంచి ఒక్కో అక్షరం గీకేస్తున్నట్టు ఉండేది ఆయనకు. సరిచేద్దామంటే తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పేరేమవ్వాలి? ఈ ఏడాదైతే టీవీ మీద షీల్డు కూడా చేరింది.

2014 ఫిబ్రవరిలో, తెలంగాణ బిల్లు పాసైన వారం, ఆదివారం సాయంత్రం మళ్ళీ అందరూ చేరారు. మల్కాజిగిరి నుంచి విక్రమ్, అతని భార్య దీప, మరో ముగ్గురు.

"తేజేషూ, ఇగ మీ కాకినాడ పోవాలంటె వీసా దీస్కోవాలె గదరా," అంటున్నాడు విక్రమ్.

"వీసా సంగతి తర్వాత. ముందు అంకుల్ వాటా ఖాళీ చేయమనలేదు, అది చాలు నాకు."

"రాష్ట్రం పంచుకున్నంత మాత్రాన ఇల్లెట్ల పంచుతం బాబూ," అన్నాడు బుచ్చిరాములు, మోటరు స్విచ్చు దగ్గర ఇంకా ఏదో పని ఉన్నట్టు నిలబడి.

విక్రమ్ అసలు కథలోకి దిగాడు. కొత్తగా వచ్చిన కుర్రాడొకడు నోరు తెరుచుకుని వింటున్నాడు. "ఒక్క నిమిషం తమ్మీ. పూరా నిమిషం చీకటి. కావాల్ననే బంద్ జేసిన్రు. ఆ నిమిషంలనే నేను దీపకు నా మనసుల మాటంత చెప్పిన. మా నాయిన కోపం సంగతి, నా ఇంజనీరింగ్ బ్యాక్‌లాగుల సంగతి, పెండ్లయినంక అంబర్‌పేట్ల ఉందామా మల్కాజిగిరిల ఉందామా, అంత జెప్పిన."

దీప బజ్జీ వైపు శ్రద్ధగా చూస్తోంది.

"నిమిషమా?" అన్నాడు బుచ్చిరాములు.

అందరూ ఇటు తిరిగారు.

"నిమిషం ఎట్లయితది బాబూ? నిమిషం చీకటుంటె ఆ మందికి తొక్కులాట అయ్యేది. అది ఏడు సెకండ్లు."

"మీకెలా తెలుసండీ?" అన్నాడు తేజేష్.

బుచ్చిరాములు ఒకసారి కిందికి, టీవీ ఉన్న గది వైపు చూశాడు. "నేనే బంద్ జేసిన గద."

ముందు ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. ఆయన అక్కడ ఉన్నాడన్నదే వాళ్ళకు పట్టింది.

"అంకుల్, మీరు గ్రే ఫెర్రీని చూశారా! ఐదేళ్ళ నుంచి మీ నెత్తి మీదే ఉంటున్నాను, ఒక్క మాట చెప్పలేదే! ఎక్కడి నుంచి చూశారు?"

"స్టేజీ యెన్కకెల్లి."

"బ్యాక్‌స్టేజీ!" విక్రమ్ లేచి తన కుర్చీ ఆయనకు వేశాడు. "చెప్పున్రి అంకుల్, దగ్గరికెల్లి ఎట్లున్నరు?"

"నాలుగు ఈపులు గనవడ్డయి. గిటారాయన నడుముకు నొప్పిపట్టీ వెట్టుకున్నడు. పాటకు పాటకు నడుమ యెన్కకొచ్చి, చెయ్యి వెట్టి ఒత్తుకుంటుండె."

"మరి పాట?"

"పాటేం ఇనవడ్తది బాబూ, రెండు జనరేటర్ల నడుమ?"

భక్తులు తలొక బజ్జీ అందుకున్నారు. అప్పుడు గానీ మొదటి మాట వాళ్ళకు తిరిగి గుర్తు రాలేదు. బుచ్చిరాములు కూర్చోలేదు. మెట్ల గోడకు తానే బిగించిన పిడి స్విచ్చు పక్కన నిలబడి మొత్తం చెప్పాడు. ఊరంతా ఆటోమేటిక్ ఇన్వర్టర్లు పెట్టుకున్నా, ఆయన మాత్రం కరెంటు నుంచి ఇన్వర్టర్‌కు చేత్తోనే మార్చుకునేవాడు. ఆటోమేటిక్ అంటే మనిషిని నమ్మకపోవడమని ఆయన అభిప్రాయం. సైరన్ సంగతి, చెయ్యి సంగతి, బొటనవేలి సంగతి చెప్పాడు. విక్రమ్ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు, నవ్వుతూనే.

"బొటనవేలు ఎత్తితే తిట్టినట్టు కాదండీ," అన్నాడు తేజేష్. "శభాష్ అని."

"అబ్బా!" బుచ్చిరాములు తన బొటనవేలును ఎత్తి చూసుకున్నాడు. పదేళ్ళ బరువు ఆ వేలి మీంచి కొంచెం జారింది.

"అంకుల్ మస్తు మజాక్ జేస్తున్నరు," అన్నాడు విక్రమ్. "సైరన్ ఇనంగనె చెయ్యి దానంతట అదే పోతదా? మేం గింత పిచ్చోళ్ళ లెక్క గనవడ్తున్నమా? వాళ్ళు కావాల్నని జేసిన పనిని మీరు..."

నాచారం వైపు నుంచి సైరన్ మోగింది.

మెయిన్ దిగింది. మేడా, మెట్లూ, కింది ఇల్లూ ఒక్కసారిగా చీకటి. ఎవరి చేతిలోంచో బజ్జీల పళ్ళెం జారి మోగింది. ఆ మోతకు తేజేష్ చేతులు వాటంతటవే కుర్చీ మీద దరువు అందుకున్నాయి, ఇంకెవరో పాట ఎత్తుకున్నారు. చీకట్లో బుచ్చిరాములు ఊపిరి, పిడి తిరిగిన చప్పుడు వినిపించాయి. లైట్లు వెలిగాయి.

పాడుతున్న నోళ్ళు పాడుతున్నట్టే తెరుచుకుని ఉన్నాయి. బుచ్చిరాములు తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"అయ్యబాబోయ్," అన్నాడు తేజేష్ మెల్లగా. "పదేళ్ళుగా మనం వాల్వుల ఫ్యాక్టరీ సైరన్‌కి దండం పెడుతున్నామన్నమాట."

కింది నుంచి వెంకటనర్సమ్మ గొంతు మేడెక్కింది. "ఏమయ్యో! సీరియల్ల ఆ అత్త ఏమన్నదో ఇననియ్యవా? రిటైరైన గాని నీ షిఫ్టు అయిపోదా?"

విక్రమ్‌కు ఒక పట్టాన మింగుడుపడలేదు. వీడియో వెనక్కి తిప్పి, చీకటి పడ్డచోట నుంచి లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత కొంచెం ఉత్సాహంగా తలెత్తాడు.

"అంకుల్, ఏడు గాదు. తొమ్మిది."

"ఏదీ?" బుచ్చిరాములు ఫోన్ లాక్కుని చూశాడు. మళ్ళీ పెట్టించుకుని చూశాడు. తొమ్మిదే. తప్పు ఒప్పుకున్నప్పుడు కూడా నిలబడ్డ మనిషి అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. "ఇయ్యాల్నంటె... మీటరు ముల్లు సరింగ గనవడలే. ఆనాడు ఏడే బాబూ. నా మాట నమ్మున్రి."

"ఇయ్యాల తొమ్మిదయితె ఆనాడు ఏడని గ్యారంటీ ఏంది?"

"ఏడే," అంది దీప.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె బజ్జీ పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది. "మా అంబర్‌పేట్ల కరెంటు పోంగనే మా అమ్మ లెక్కవెట్టుమంటుండె. పది లోపల వస్తె సరే, లేకుంటె కొవ్వొత్తి ముట్టియ్యాలె. చిన్నప్పటి అలవాటు. ఆ దినం సుత లెక్కవెట్టిన. ఏడుకు లైట్లొచ్చినయి."

"మరి పదేండ్లసంది చెప్పలేదేంది?" అన్నాడు విక్రమ్.

"ఏమని జెప్పాలె? నువ్వు ఆ ఏడు సెకండ్ల 'దీపా, అంటె, ఏందంటె, దీపా' అన్నవు. గంతే. లైట్లొచ్చినయి, నువ్వు సమోసా దెస్తనని పోయినవు. తెల్లారి ఉప్పల్ బస్టాపుల నేనే అడిగిన గద, పెండ్లి జేసుకుంటవా లేదా అని. మీ నాయిన సంగతి, అంబర్‌పేట సంగతి ఎక్కడికెల్లి వచ్చినయో నాకైతె తెల్వదు."

మేడ మీద నవ్వులు పేలాయి. కొత్త కుర్రాడు విక్రమ్ ముఖం చూడలేక నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి నవ్వాడు. విక్రమ్ కాసేపు బిగుసుకుని, చివరికి తానూ నవ్వాడు. ఆ రాత్రే వాళ్ళ అభిమానుల పేజీలో "నిమిషం" అన్నచోట "ఏడు సెకండ్లు" అని దిద్దాడు. బ్యాండు గొప్ప ఆలోచన అన్నచోట బుచ్చిరాములు పేరు పెట్టాడు. తన పెళ్ళి కథ మాత్రం తీసేశాడు.

భయపడుతూనే విషయం విప్పిన మొగుడికి వెంకటనర్సమ్మ ఒకే ముక్క చెప్పింది. "షీల్డు మీద ఫ్యాక్టరీల అని రాసున్నది. ఉప్పల్ మైదానం గాదు." టీవీ మీది నుంచి దాన్ని కదపలేదు.

బుచ్చిరాములుకు మాత్రం తొమ్మిది నిద్రపట్టనివ్వలేదు. మర్నాడు పిడికి నూనె వేశాడు. కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా మెట్ల దగ్గర నిలబడ్డాడు. వెంకటనర్సమ్మ విసుక్కుంటూ సీరియల్ కట్టేసి, వంటింటి గడియారం, టార్చిలైటు పట్టుకుని కింది మెట్టు మీద కూర్చుంది.

సైరన్ మోగింది. ఇల్లు చీకటైంది. వెలిగింది.

"ఎంత?" అన్నాడు బుచ్చిరాములు.

"ఎనిమిది."

"రేపు జూద్దం."