దోబ్రిలా కంప్యూటర్‌ని లేపిందెవరు?

దోబ్రిలాకి చెయ్యి ఊరికే ఉండదు. లెస్కోవాట్స్ ఊరి నూలుమిల్లులో బతుకంతా దారాలతోనే గడిపి, మిల్లు మూతబడ్డాక ఇంట్లో కూర్చుని లేసు అల్లడం మొదలుపెట్టింది. టీవీ మీద ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి, పంచదార డబ్బా కింద ఒకటి. మొగుడు స్టానిమిర్ పేకాట ఆడుకోవడానికి కంప్యూటర్ కొంటే, దాని మౌస్ కింద కూడా తెల్లటి లేసుగుడ్డ పరిచింది. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేమన్నా పడుతుందని అందరికీ తెలుసు. అదే ఆమె ఖర్మ.

స్టానిమిర్ బస్సు నడుపుతూనే గుండె ఆగి పోయాడు. పోయినవాడి ఆత్మ నలభై రోజులు ఇల్లు వదలదు కదా, అందుకని వచ్చిపోవడానికి కిటికీ తెరిచిపెట్టింది. చిన్న గాలి తగిలితేనే మెడ పట్టేస్తుందని వీధివీధంతా తలుపులు బిగించుకునే ఊరు మాది. అయినా ఆమె మూయలేదు.

వారం తిరక్కుండానే, నిద్రపోతున్న కంప్యూటర్ దానంతట అదే మేలుకుంది. తెర నిండా ఉన్న ఫోటోలో స్టానిమిర్, పెద్ద చేపను పట్టుకుని పళ్ళికిలిస్తున్నాడు.

"వచ్చావా?" అంది దోబ్రిలా.

కాసేపటికి తెర ఆరిపోయింది. మర్నాడు మళ్ళీ వెలిగింది. అప్పటినుంచి వెలిగినప్పుడల్లా రెండు కప్పుల్లో కాఫీ పోసి, ఎదురుగా కూర్చుని వీధి కబుర్లన్నీ చెప్పేది. ముద్ద దిగని మనిషి మళ్ళీ తినడం మొదలుపెట్టింది. ఆ సంగతి పక్కింటి పెర్సిదాకి ఒక్కదానికే చెప్పింది. పెర్సిదాకి చెప్పడమంటే ఊళ్ళో దండోరా వేయించడమే!

నలభయ్యోరోజు స్మశానం నుంచి వచ్చి చుట్టాలంతా భోజనానికి కూర్చున్నారు. పొద్దు గూకితే ఆత్మ వెళ్ళిపోతుంది. వెళ్ళేముందు చెప్పిపోవడానికి ఆయన ఒక్కసారి వస్తాడని దోబ్రిలా ఆశ. వీళ్ళంతా తొందరగా తిని లేస్తే బాగుండునని ఆమె కళ్ళు కంప్యూటర్ మీదే ఉన్నాయి.

స్టానిమిర్ తమ్ముడు వుకోమన్ అది కనిపెట్టాడు. కంప్యూటర్లు బాగుచేయడం వాడి ఉద్యోగం, ఎదుటివాడిని మాటలతో కుళ్ళబొడవడం వాడి సరదా.

"ఏం వదినా, మా అన్న రోజూ వస్తున్నాడంట గదా? కాఫీలు కూడా పోస్తున్నావంట?"

"తినేచోట ఎందుకులే వుకోమన్."

"ఎందుకేంటి? అందరం చూద్దాం!"

లేచి వెళ్ళి కంప్యూటర్‌ని మీట నొక్కి లేపి, తెర మీద ఒక నల్లటి కిటికీ తెరిచి కీబోర్డు మీద ఏదో కొట్టాడు. "ఇన్నిరోజులూ నిన్ను లేపుతున్నదెవరే అని అడుగుతున్నా. ఇది అబద్ధం చెప్పదు." వచ్చిన జవాబు చూసి తొడ చరిచాడు. "మౌస్! విన్నారా? మా అన్న కాదు, మౌస్! దీని అడుగున దీపం ఉంటది. గాలికి ఈ లేసు కదిలితే, ఎవరో చెయ్యేశారనుకుని లేస్తది, అంతే!"

కంప్యూటర్‌ని నిద్రపుచ్చి లేసును వేలితో మీటాడు. తెర వెలిగింది. "ఇదిగో వచ్చాడు! పో అన్నా, పడుకో. అరె, మళ్ళీ వచ్చాడు!"

బల్లంతా ఘొల్లుమంది. పెర్సిదాకి తాగుతున్న రాకియా సారా కొరబోయింది. వాడు మౌస్‌కి లేపే అనుమతి తీసేస్తూ అక్కడున్న టిక్కు చెరిపేసి, దాన్ని మళ్ళీ నిద్రపుచ్చాడు. "ఇంక కొట్టినా లేవదు. పీడ వదిలింది."

దోబ్రిలా వచ్చి లేసు లాగింది. మౌస్ కదిపింది. తెర నల్లగా అలాగే ఉంది.

"ఆ టిక్కు మళ్ళీ పెట్టు నాయనా. ఈ ఒక్కరోజుకి. నీ కాళ్ళు పట్టుకుంటా."

వాడి ముఖంలో నవ్వు పోయింది. "నేనూ నలభై రోజులు మా అన్నకని గ్లాసులో రాకియా పోసి పెట్టాను వదినా. నేనూ కిటికీ తెరిచాను. ఒక్క చుక్క తగ్గితే ఒట్టు. తోడబుట్టినోడి దగ్గరికి రానివాడు నీ దగ్గరికొస్తాడా?"

అదీ సంగతి! కడుపుమంట అక్కడుంది. నీ మంట చల్లారడానికి ఇంకొకరి దీపం ఆర్పాలా, పాపిష్టివాడా!

"పెడతా," అన్నాడు. "ముందు అందరి ముందూ చెప్పు. వచ్చింది మౌసని చెప్పు."

ఆమె అందరి ముఖాలూ చూసింది. ఎవరో రొట్టె ఇటివ్వమన్నారు, అంతే.

"మౌసే," అంది.

"గట్టిగా."

"మౌసే. ఆయన కాదు. ఆయన రాలేదు."

వాడు మాట తప్పలేదు. టిక్కు పెట్టి, లేసు సర్ది, వచ్చి చిక్కుడుగింజల కూర మిగిలింది తిన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. పొద్దు గూకబోతుండగా గాలి లేచింది. తెర వెలిగింది. కాఫీ గిన్నె అందుకున్న దోబ్రిలా, "వచ్చావా" అనబోయి ఆగిపోయింది. వుకోమన్ అన్న మాటైతే దులిపేసుకునేది. ఆయన రాలేదని అన్నది తన నోరే. పొయ్యి దగ్గరే, వీపు అటు తిప్పుకుని నిలబడింది. అవతల గదిలో వెలుగు కాసేపు ఉండి ఆరిపోయింది.